నిండు గ్లాసు

సైన్సు టీచరుగారు పోయాక వాళ్ళింటి ముందు పందిరి వేసి పెట్టిన ఆదరణ కూడికలో నాకు మాట్లాడే అవకాశం ఇవ్వలేదు. మాట్లాడతానని ముందే చెప్పాను. ఆవిడ అల్లుడితో చెప్పాను, మైకు దగ్గర నిలబడి పేర్లు పిలుస్తున్న పెద్దాయనతోనూ చెప్పాను. "ఆయ్, తప్పకుండానండీ, మీరు కూర్చోండి" అన్నారాయన. కూర్చున్నాను. సంఘ పెద్దల్ని పిలిచారు. ఆవిడ దగ్గర చదువుకుని ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్ళను పిలిచారు. ఒకప్పటి మా హెడ్మాస్టరుగారిని పిలిచారు. ఆయన ఒక్కరే పావుగంట మాట్లాడారు. తరవాత పాస్టరుగారు ప్రార్థన చేసి, అందరూ భోజనం చేసి వెళ్ళమన్నారు. నా పేరు ఎవరూ పిలవలేదు.

హెడ్మాస్టరుగారి పావుగంటలో సగం ఆయన గురించే. ఈ ఇల్లు కట్టుకున్న కొత్తలో ఆయన వచ్చి ఇక్కడ మంచినీళ్ళు తాగారట. "ఆ రోజుల్లో అదేం చిన్న విషయం కాదండీ" అన్నారు. పందిట్లో జనం తలలూపారు. "తాగనివాళ్ళు కూడా ఉన్నారనుకోండి. ఇప్పుడా సంగతులెందుకు" అని కూడా అన్నారు. పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేదు, నేను మూడో వరసలో కూర్చున్నాను, ఆయన చూపు అక్కడికి వచ్చి వెళ్ళింది. ఇద్దరు ముగ్గురు తల తిప్పి చూశారు.

ఆ తాగనిదాన్ని నేనే. ఎందుకు తాగలేదో ఆవిడకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు, ఇప్పుడు ఆవిడ లేదు. నా గురించి ఈ ఒక్క అబద్ధం మాత్రం నిలవడానికి వీల్లేదు. మైకు ఇవ్వలేదు కాబట్టి రాస్తున్నాను.

మా హైస్కూలు రాజోలు దాటాక అంతర్వేది వైపు వెళ్ళే రోడ్డులో, కాలవ పక్కన ఉండేది. తొంభైల్లో నన్ను అక్కడికి బదిలీ చేశారు. మేముండే అమలాపురంలోనే ఖాళీ ఉండగా నన్నే ఎందుకు చేశారో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే బస్సెక్కి రాజోలులో దిగి, అక్కడినుంచి ఆటో. సాయంత్రం ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టేవాళ్ళు. నేను తెలుగు, ఆవిడ సైన్సు. స్కూల్లో ఆడ టీచర్లం మేమిద్దరమే. స్టాఫు రూములో మా ఇద్దరికీ కలిపి కిటికీ పక్కన ఒక బల్ల ఇచ్చారు. దాని కాళ్ళలో ఒకటి పొట్టిది. ఆ కాలు నా వైపు ఉండేది.

ఆవిడ పొట్టిగా, సన్నగా ఉండేది. గంజి పెట్టిన నేత చీర, భుజం మీద పిన్ను. ఒక చేతిలో నల్ల గొడుగు, ఇంకో చేతిలో నీళ్ళ సీసా. ఒకప్పుడు పళ్ళరసం అమ్మిన గాజు సీసా అది. దానికి పాత చీర ముక్కతో తొడుగు కుట్టి, ఆ తొడుగును తడిపి, కిటికీలో గాలి తగిలే చోట పెట్టేది. మధ్యాహ్నానికి కూడా నీళ్ళు చల్లగా ఉండేవి. ఆ ఊరి బోరు నీళ్ళు ఉప్పన, అందుకని ఇంట్లో కాచి తేర్చిన నీళ్ళే తెచ్చుకునేది. సీసా పక్కన స్టీలు గ్లాసు బోర్లించి ఉండేది. ఎవరికి పోసినా అంచుదాకా పోసేది. పుచ్చుకునేవాళ్ళు రెండు చేతులా పట్టుకోవాల్సిందే. "కాస్త తక్కువ పొయ్యండి మేడమ్ గారూ, ఒలికిపోతుంది" అని లెక్కల మాస్టారు అంటే, "సగం గ్లాసిస్తే ఇంక వెళ్ళమన్నట్టుంటుందండీ" అనేది.

గంటకోసారి కాసిని నీళ్ళు తాగేది. గటగటా తాగేది కాదు. "పొలానికి తడి పెట్టినట్టు తాగాలండీ, ఏటికి గండి పడినట్టు కాదు" అనేది. పిల్లలకు పాఠం మధ్యలో పుస్తకం మూసేసి ఇదే చెప్పేది. ఒంట్లో నెత్తురు పల్చగా పారాలన్నా, తిన్నది అరగాలన్నా, చెమట పట్టి ఒళ్ళు చల్లబడాలన్నా నీళ్ళే కావాలని. ఎంత తాగాలి టీచర్ అని అడిగితే గ్లాసుల లెక్క చెప్పేది కాదు. "అందరికీ ఒకే కొలత కాదర్రా. ఎండలో ఆడేవాడికి ఎక్కువ, నీడన కూర్చున్నవాడికి తక్కువ. పాస్టరమ్మగారికి కాళ్ళు వాస్తాయి, ఆవిడ్ని డాక్టరు తగ్గించి తాగమన్నారు. ఒంటికెళ్ళినప్పుడు రంగు చూసుకోండి. కొబ్బరినీళ్ళ రంగుంటే మంచిదే. ఎండుగడ్డి రంగుంటే తాగాలి." పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. నాకు పక్క క్లాసులో పద్యం చెబుతూ ఇది వినబడేది. పద్యం మీద ఎవరికి ధ్యాస ఉంటుంది?

అన్ని నీళ్ళు తాగాక వెళ్ళాలి కదా. ఆ స్కూల్లో వెళ్ళడానికి చోటు లేదు.

మగ మాస్టార్లకు వెనకవైపు ప్రహరీగోడ ఉంది. మగపిల్లలకు కాలవ గట్టంతా ఉంది. మాకూ, ఆడపిల్లలకూ ఏమీ లేదు. నేనైతే ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఉపాయం కనిపెట్టాను. నాలాంటి టీచర్లందరూ కనిపెట్టిన ఉపాయమే, నీళ్ళు తాగకపోవడం. పొద్దున కాఫీ సగం. ఇడ్లీ పొడితో, చట్నీ వద్దు. మధ్యాహ్నం పెరుగన్నం గట్టిగా కలుపుకుని తిని, గుక్కెడు నీళ్ళతో నోరు పుక్కిలించి ఊసేయడం. బస్సులో ఎవరు ఏమిచ్చినా వద్దనడం. పెళ్ళికి వెళ్ళినా, పేరంటానికి వెళ్ళినా అంతే. సొంత ఆడపడుచు ఇంట్లో కూడా బయల్దేరే ముందు తాగేదాన్ని కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

స్కూలు ఎదురుగా మా వాళ్ళదే ఒక పెద్ద ఇల్లు ఉండేది. వరి, కొబ్బరి ఉన్న కుటుంబం. చేరిన కొత్తలో ఆ ఇల్లాలు నన్ను పిలిచి, "మన పిల్లవి, మొహమాటపడకు. దొడ్లోకి వెళ్ళి రా" అంది. రెండోసారి వెళ్ళినప్పుడు వెనకనుంచి ఎవరితోనో, "స్కూలు వాళ్ళకి మన దొడ్డే దొరికింది" అంటోంది. మూడోసారి వెళ్ళలేదు. సైన్సు టీచరుగారిని ఆ ఇంట్లోవాళ్ళు వీధి గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడేవాళ్ళు కాబట్టి ఆవిడకు మొదటిసారి కూడా లేదు.

ఆవిడ మాత్రం నీళ్ళు మానలేదు. ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే మేకుకు తగిలించిన గొడుగు తీసి, విప్పి, స్కూలు గేటు దాటి, కాలవ గట్టు మీద తిన్నగా ఆ ఊరి పాస్టరుగారి ఇంటికి నడిచేది. ఊళ్ళో సగం మందికి కనబడేంత దూరం. ఎండ లేకపోయినా గొడుగు ఉండేది. ఎక్కడికి వెళ్తోందో అందరికీ తెలుసు. పాస్టరమ్మగారు బకెట్టులో నీళ్ళు నింపి ఉంచేది. తిరిగి వచ్చి గొడుగు మేకుకు తగిలించి, మళ్ళీ కాసిని నీళ్ళు తాగి క్లాసుకు వెళ్ళేది. కొన్నాళ్ళకు పై క్లాసు ఆడపిల్లలు ఇద్దరు వెంట వెళ్ళడం మొదలుపెట్టారు. తరవాత అయిదారుగురు. గట్టు మీద ముందు నల్ల గొడుగు, వెనక ఓణీల వరస.

నాకు తల కొట్టేసినట్టుండేది. తొమ్మిదో తరగతివాడొకడు స్కేలు నెత్తిమీద పట్టుకుని ఆవిడలా నడిచి చూపిస్తుంటే పట్టుబడ్డాడు. ఆవిడ కొట్టలేదు, తిట్టలేదు. "ఏరా, మీ అమ్మ వెళ్దా? మీ అక్క వెళ్దా? సాయంత్రం ఇంటికెళ్ళి వాళ్ళ ముందు కూడా ఇలాగే నడిచి చూపించు" అంది. ఆ తరవాత ఎవరూ నడవలేదు.

ఇక ఆ ఇంటి సంగతి. ఆవిడ రాజోలులో ఇల్లు కట్టుకుంది. కొత్తింటి ప్రార్థనకు స్టాఫందరినీ పిలిచింది. ఏప్రిల్ నెల, ఒంటిపూట బడులు. బడి వదిలాక ఆటోలు కట్టించుకుని అందరం వెళ్ళాం. ఇల్లంతా తిప్పి చూపించింది. వంటగది, అలమరలు, మేడమెట్లు, చివరికి లోపలే కట్టించిన బాత్రూమ్ కూడా తలుపు తీసి చూపించింది. "ఇదండీ మా ఇంట్లో అన్నిటికంటే ముందు కట్టించింది" అంది. మగవాళ్ళు గొంతు సవరించుకుని మేడమెట్ల వైపు చూశారు. తరవాత హాల్లో కూర్చోబెట్టి పళ్ళెంలో నిండు గ్లాసులతో మంచినీళ్ళు తెచ్చింది. హెడ్మాస్టరుగారు, ఆయన మా వాళ్ళే, గ్లాసు పైకెత్తి అందరూ చూసేదాకా ఆగి గడగడా తాగారు. "ఇంకోటి ఇవ్వండమ్మా" అన్నారు. నా ముందుకు పళ్ళెం వచ్చింది.

"దాహం లేదండి" అన్నాను.

ఆవిడ పళ్ళెం పట్టుకుని ఒక్క క్షణం అలాగే నిలబడింది. "ఆయ్" అని పక్కకు వెళ్ళిపోయింది.

ఈ ప్రాంతంలో నాలాంటి ఇంటి మనిషి అలాంటి ఇంట్లో నీళ్ళు వద్దంటే దానికి ఒకటే అర్థం. అందరూ ఆ అర్థమే తీసుకున్నారు. నాకేమో రాజోలు నుంచి ఇంటికి బస్సులో చాలాసేపు పడుతుంది, బస్సు ఎప్పుడొస్తుందో తెలియదు, దార్లో ఆడదాన్ని ఎక్కడికి వెళ్ళను? ఆ మాట ఎనిమిదిమంది మగవాళ్ళ మధ్య చెప్పగలనా? హెడ్మాస్టరుగారు గ్లాసెడు నీళ్ళు తాగి గొప్పవాడైపోయారు. ఆయనకేం, దార్లో ఏ గోడైనా చాలు.

అంతకు ముందు ఆవిడ నాకు నీళ్ళు ఇవ్వబోయిందో లేదో గుర్తులేదు. ఆ తరవాత మాత్రం రోజూ ఇచ్చేది. అదీ సరిగ్గా నేను ఏదో ఒక అన్యాయం గురించి మాట్లాడుతున్నప్పుడు. నాకు ఆఖరి పీరియడే ఎప్పుడూ ఎందుకు వేస్తారు అంటే, గ్లాసు నింపి నా వైపు జరిపి, "ముందు కాసిని మంచినీళ్ళు తాగండి" అనేది. బల్ల కాలు సంగతి ఎత్తితే, "ముందు కాసిని మంచినీళ్ళు తాగండి." జిల్లా పోటీలకు తెలుగు వదిలేసి మిగతా అన్ని సబ్జెక్టుల పిల్లల్ని పంపారంటే, మళ్ళీ అదే. ఒకసారి అందరి ముందూ, "మొక్కకి దాహమేస్తే ఆకు వాల్చేస్తుందండీ, మనిషికి దాహమేస్తే నోరు లేస్తుంది" అంది. లెక్కల మాస్టారు నవ్వారు. నా ఫిర్యాదుల్లో న్యాయం లేదని, ఉన్నదంతా దాహమేనని చెప్పడం అది. నాకు అలాగే తోచింది. "వద్దండి" అనేదాన్ని. ఆవిడ ఆ గ్లాసు తనే తాగేసేది. మర్నాడు మళ్ళీ నింపి జరిపేది. ఏళ్ళ తరబడి ఇదే వరస. వద్దంటుందని తెలిసి ఏ మనిషైనా రోజూ ఎందుకు ఇస్తుంది అని నేను ఎప్పుడూ ఆలోచించలేదు. ఎగతాళి అనుకున్నాను.

ఓ ఏడాది పరీక్షల ముందు, క్లాసులో నిలబడి ఉండగా నడుము పక్కనుంచి పొత్తికడుపులోకి నొప్పి దిగింది. కాన్పు నొప్పులు పడ్డదాన్ని, ఇది అంతకంటే తక్కువేం కాదు. స్టాఫు రూము బెంచీ మీద పడిపోయాను. చెమటలు, వాంతి. మగ మాస్టార్లు గుమ్మం బయట నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఆవిడే ఆటో పిలిపించింది. రాజోలు నుంచి డాక్టరుగారిని తీసుకొచ్చేలోపు కాస్త పడుకుంటారని దగ్గర్లోని పాస్టరుగారింటికి తీసుకెళ్ళింది. నవారు మంచం మీద పడుకోబెట్టి, లోపలికి వెళ్ళి గ్లాసుతో వచ్చింది. మంచం పక్కన నిలబడి, గ్లాసు నా చేతికి ఇవ్వకుండా అడిగింది.

"ఇక్కడ తాగుతారాండీ?"

ప్రాణం పోతున్నదాన్ని పట్టుకుని అడగాల్సిన మాటేనా అది? ఆ అడగడం నేను ఇప్పటికీ మర్చిపోలేదు. గ్లాసు లాక్కుని తాగాను. సగం మీద పోసుకున్నాను. "ఇంకోటి ఇవ్వండి" అన్నాను.

డాక్టరుగారు వచ్చి ఇంజెక్షను ఇచ్చాక నొప్పి సర్దుకుంది. కిడ్నీలో రాయి ఉన్నట్టుంది, ఎక్స్‌రే తీయించి చూస్తేగాని చెప్పలేనన్నారు. "నీళ్ళు తాగరామ్మా?" అని ఆయన నన్ను అడిగితే, ఆవిడ జవాబు చెప్పింది: "తాగరండి. పంతం." ఆయన వెళ్ళాక లేచి కూర్చున్నాను.

"అదేంటండీ, నన్ను అలా అడిగేరు?" అన్నాను.

"ఎలాగండీ?"

"ఇక్కడ తాగుతారా అని."

"అడక్కపోతే ఎలాగండీ? మా ఇంటి ప్రార్థనకొచ్చి గ్లాసు ముట్టుకోలేదు మీరు."

"దాహం లేదన్నాను కదా."

"ఏప్రిల్ నెల్లోనా?"

నేను గోడ వైపు చూశాను. పాస్టరమ్మగారు లోపల గిన్నెలు సర్దుకుంటోంది. "అక్కడ్నించి అమలాపురం వెళ్ళేదాకా దార్లో ఎక్కడికెళ్తానండీ" అన్నాను.

ఆవిడకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక మంచం పట్టె మీద కూలబడింది.

"బాత్రూమ్ కోసమా?"

"ఆయ్."

"నేను తలుపు తీసి మరీ చూపించేను కదండీ!"

"ఎనిమిదిమంది మగాళ్ళ ముందు నేను వెళ్తానని ఎలా అంటానండీ?"

ఆవిడ నవ్వింది. కళ్ళవెంట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. పాస్టరమ్మగారు గుమ్మంలోకి వచ్చి చూసి వెళ్ళింది. నవ్వు ఆగాక పైటతో మొహం తుడుచుకుని, "నేను వేరేలా అనుకున్నానండీ ఇన్నేళ్ళూ" అంది.

"ఏమనుకున్నారో నాకు తెలుసు."

"తెలిసి చెప్పలేదా?"

"మీరు అడిగితే కదా చెప్పడానికి?"

"ఇలాంటివి ఎవరడుగుతారండీ? చూసి తెలుసుకోడమే. అందుకే రోజూ గ్లాసు పెట్టేను. ఒక్క రోజైనా తాగుతారేమో, అనుకున్నది తప్పవుతుందేమో అని." మంచం పక్కనున్న ఖాళీ గ్లాసు చేతిలోకి తీసుకుంది. "మరి మీ ఇంట్లో నాకిచ్చిన గాజు గ్లాసు?"

ఒకసారి ఆవిడ పరీక్ష పేపర్ల కట్ట ఇవ్వడానికి అమలాపురం మా ఇంటికి వచ్చింది. మా ఇంట్లో అందరికీ స్టీలు గ్లాసులు. ఆవిడకు వసారా గూట్లో విడిగా ఉండే గాజు గ్లాసులో నీళ్ళొచ్చాయి. అది నిజమే. అది నేను పెట్టింది కాదు.

"అది మా అత్తగారండీ" అన్నాను.

"ఆయ్" అంది ఆవిడ.

ఆ 'ఆయ్'లో ఒప్పుకోలు ఎంతో, కాదనడం ఎంతో నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. మా అత్తగారు పోయాక ఆ గ్లాసు పారేశాను. ఈ మాట ఆవిడకు చెబితే, "మంచి గ్లాసేనండీ, ఎందుకు పారేసేరు?" అంది. ఆవిడతో ఇదే చిక్కు.

రాయి చిన్నదే, నీళ్ళు తాగుతూ ఉంటే దానంతట అదే పోయింది. మళ్ళీ రాకుండా ఉండాలంటే దాహం వేసేదాకా ఆగకుండా రోజంతా తాగుతూ ఉండమన్నారు డాక్టరుగారు. తాగితే వెళ్ళాలి. నేనూ ఆ గొడుగు వెనక గట్టు మీద నడిచాను. ఎదురింటి ఇల్లాలు గేటు దగ్గర నిలబడి చూసింది. చూడనిచ్చాను.

స్కూల్లో బాత్రూమ్ కట్టించమని నేను హెడ్మాస్టరుగారికి ఏటా అర్జీ ఇస్తూనే ఉన్నాను. ఆయన పుచ్చుకుంటూనే ఉన్నారు. దాతలు ముందుకొచ్చిన ఏడాది స్కూలుకు సిమెంటు వేదిక కట్టించారు, దాతల పేర్లతో పాలరాయి పెట్టించారు. బాత్రూముకు పాలరాయి ఎవరు పెట్టించుకుంటారు? ఆ సంగతే మా సైన్సు టీచరుగారితో అంటే, అలవాటుగా గ్లాసు జరిపింది. తాగాను. ఆ రోజు ఇంకేమీ అనలేదు.

తరవాత కొన్నాళ్ళకు జిల్లా నుంచి ఒక లేడీ ఆఫీసరు తనిఖీకి వచ్చింది. ఎండ మండిపోతోంది. సైన్సు టీచరుగారు అంతకు ముందే అటెండరు చేత బొండాలు దింపించి పెట్టింది. "మా కోనసీమ వచ్చి బొండం తాగకుండా వెళ్తారాండీ?" అని మొదటిది ఇచ్చింది. రికార్డులు చూస్తుండగా రెండోది తెచ్చింది. "ఇది వేరే చెట్టుదండీ, ఇదీ రుచి చూడాలి." క్లాసులు తిరిగి వచ్చాక మూడోది. "ఇది పుచ్చుకోకపోతే మా హెడ్మాస్టరుగారు బాధపడతారండీ." హెడ్మాస్టరుగారు చేతులు కట్టుకుని, అవునవునన్నారు. మూడో బొండం దగ్గర నాకు అర్థమైంది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. నాకది తేలిక కాదు.

ఇంకాసేపటికి ఆఫీసరుగారు కుర్చీలో అటూ ఇటూ కదిలింది. మా బల్ల దగ్గరకు వచ్చి వంగి, "టీచరుగారూ, ఇక్కడ లేడీస్‌కి ఎక్కడండీ?" అంది.

ఆవిడ లేచి మేకు మీది గొడుగు తీసి ఆఫీసరుగారి చేతికిచ్చింది.

"ఇదిగోండి. కాలవ గట్టు మీద తిన్నగా వెళ్తే పాస్టరుగారి ఇల్లండీ. పదండి, నేనూ వస్తాను. దార్లో చూస్తారు, నవ్వుతారు. మీరు పట్టించుకోకండి."

ఆఫీసరుగారు గొడుగు వైపు చూసింది, గట్టు వైపు చూసింది. వేరే దారి లేదు. ఇద్దరూ వెళ్ళి వచ్చారు. వచ్చాక కూర్చోకుండానే హెడ్మాస్టరుగారిని అడిగింది: "ఎన్నాళ్ళనించండీ ఇలాగ?"

"ఇప్పుడే మా దృష్టికొచ్చిందండి" అన్నారాయన. నా అర్జీ ఆయన బల్ల మీదే, టీ గ్లాసు కింద ఉంది.

ఆ ఏడాదే రెండు గదులు కట్టారు. నా అర్జీలన్నిటికీ జరగనిది మూడు బొండాలకు జరిగింది. అర్జీల సంగతి ఎవరూ ఎత్తలేదు. కట్టాక కూడా హెడ్మాస్టరుగారు తాళం వేసి తాళంచెవి తన దగ్గరే పెట్టుకున్నారు, ఎవరైనా వస్తే శుభ్రంగా ఉండాలని. రెండో రోజు స్టాఫు మీటింగు మధ్యలో ఆవిడ లేచి చెయ్యి చాచింది.

"తాళంచెవి ఇస్తారాండీ?"

"ఇప్పుడెందుకండీ?" అన్నారాయన.

"మంచినీళ్ళు తాగేనండి" అంది, అందరికీ వినబడేలా.

ఆయన తాళంచెవి ఇచ్చారు. అది మళ్ళీ ఆయన దగ్గరకు వెళ్ళలేదు. గొడుగు తగిలించే మేకుకు తగిలించింది ఆవిడ. గొడుగు ఇక వాన వస్తేనే బయటికి వచ్చేది. అంతకు ముందు పై క్లాసులకు రాగానే బడి మానేసే ఆడపిల్లలు తరవాత మానలేదని ఆవిడ అంటుండేది. నేను లెక్క చూడలేదు. తెలుగు క్లాసులో ఆడపిల్లల బెంచీలు చాలక ఇంకొకటి అడిగాను. ఇవ్వలేదు.

తరవాత నన్ను మళ్ళీ బదిలీ చేశారు. ఆవిడ రిటైరైంది. అప్పుడప్పుడు ఫోను చేసేది. "ఏం రంగండీ?" అని అడిగేది. ఫోనులో అడిగే మాటా అది? "కొబ్బరినీళ్ళేనండి" అనేదాన్ని. ఆవిడ గుండె ఆగి నిద్రలోనే పోయింది. అన్ని నీళ్ళు తాగిన మనిషి కూడా పోయింది కదా అని పందిట్లో ఎవరో అన్నారు. నీళ్ళు తాగితే చావు రాదని ఆవిడ ఎప్పుడూ అనలేదు. బతికున్నన్నాళ్ళూ ఒళ్ళు సరిగా పనిచేస్తుందంది, అంతే.

ఇక ఆ రోజు పందిట్లో. ప్రార్థన అయ్యాక ఆవిడ కూతురు పళ్ళెంలో స్టీలు గ్లాసులతో వరసగా మంచినీళ్ళు ఇస్తూ వచ్చింది. హెడ్మాస్టరుగారు తీసుకున్నారు. నా దగ్గరకు వచ్చేసరికి ఆ పిల్ల పళ్ళెం పక్కకు పెట్టి, కుర్చీ కింద అట్టపెట్టెలోంచి మినరల్ వాటర్ బాటిల్ ఒకటి తీసి ఇచ్చింది.

"మీకు బాటిల్ ఉందండీ టీచరుగారూ. సీలు తియ్యలేదు" అంది, ఎంతో మర్యాదగా.

హెడ్మాస్టరుగారు గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని ఇటే చూస్తున్నారు. నేను బాటిల్ తిరిగి ఇచ్చేశాను.

"గ్లాసివ్వమ్మా."

"పర్లేదండీ, మీలాంటి వాళ్ళ కోసమే తెప్పించేం..."

"గ్లాసు."

ఇచ్చింది. సగమే ఉంది. జనం ఎక్కువని అందరికీ సగమే పోశారు. తాగేసి గ్లాసు చాచాను. "నింపి తీసుకురా. మీ అమ్మ సగం గ్లాసు ఎప్పుడూ ఇవ్వలేదు" అన్నాను.

ఆ పిల్ల నా మొహంలోకి చూసి, లోపలికి వెళ్ళి, అంచుదాకా నింపిన గ్లాసు రెండు చేతులా పట్టుకుని అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. అయినా కొంచెం నా చీర మీద ఒలికింది. నేనేమీ అనలేదు. మొత్తం తాగాను. అమలాపురం బస్సు ఎప్పుడొస్తుందో తెలియదు.

గ్లాసు ఇచ్చేసి లేచి నిలబడి, "బాత్రూమ్ ఎటమ్మా?" అని అడిగాను. హెడ్మాస్టరుగారికి, వెనక వరసలకు కూడా వినబడేలా అడిగాను.

ఎటో నాకు తెలుసు. ఇల్లు కొత్తదైనప్పుడే ఆవిడ తలుపు తీసి చూపించింది.